చెఱకు రసము పలుచనైనదా? కొలత తప్పినదా?

సంక్రాంతి వెళ్లిన వారము దినములకు ఘంటసాల ప్రాంతమున ఒక గానుగ దగ్గఱకు మేము పోయియుంటిమి. చెఱకు ఆడుచున్నారు. పెనము క్రింద పిప్పి మండుచున్నది. కాని అక్కడివారి ముఖములలో బెల్లము వండు చోట కనబడవలసిన సంతోషము లేదు. తోట యజమాని ఒక ప్రక్క, గానుగ యజమాని ఒక ప్రక్క మౌనముగా కూర్చుండియుండిరి. ఇద్దఱి నడుమ పొడుగాటి గాజు పాత్రలో ఒక హైడ్రోమీటరు తేలుచున్నది. అది 13 డిగ్రీల బ్రిక్సు చూపుచున్నది. ముందునాడు అదే గానుగలో ఆడిన పొరుగు తోట రసము 19 చూపినదట.

రసములో నీళ్లు కలిసినవని తోట యజమాని అనుమానము. "నీళ్లు నీ తోటలో ఉన్నాయేమో గాని నా గానుగలో లేవు బావా!" అని రెండవవారి సమాధానము. వారిద్దఱును బావమఱదులు. మాట పెరిగినచో పండుగకు కలిసి భోజనము చేసిన రెండు కుటుంబములు విడిపోవునట్లున్నవి. అంతేకాదు, ఈ చెఱకు ఇక తనకు అచ్చిరాదనియు, మోళ్లు పెరికించి వచ్చు వేసవిలో చేపల చెఱువు త్రవ్వించెదననియు తోట యజమాని నిశ్చయించుకొనియుండెను. ఒక గాజు గొట్టము మీది అంకె ఇంత పని చేయగలదు.

ఆ అంకె అబద్ధమా, నిజమా? నిజమైనచో ఎంత నిజము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును, ఆ నాడు మేము చూచిన దానినే ఉదాహరణముగా తీసికొని, ఈ ప్రసంగములో వివరించెదము.

మొదట హైడ్రోమీటరు ఏమి కొలుచునో చూతము. మంచినీటి బావిలో కంటె సముద్రములో ఈదువాడు తేలికగా తేలును. బందరు తీరమున స్నానము చేసినవారికి ఇది అనుభవమే. నీటిలో కరిగిన పదార్థము హెచ్చిన కొలది నీరు బరువెక్కును. బరువెక్కిన ద్రవము తనలో మునిగిన వస్తువును ఎక్కువగా పైకి నెట్టును. అడుగున సీసపు గుండ్లు, పైన సన్నని కాడ గల గాజు బుడ్డిని రసములో వదలినచో, రసము చిక్కనిదైన కొలది కాడ పైకి లేచును. పలుచనైన కొలది క్రిందికి దిగును. కాడ మీది గీతలే కొలత. పాలకేంద్రములలో పాలను పరీక్షించు లాక్టోమీటరును ఎఱిగినవారికి దీనిని వేఱుగా పరిచయము చేయనక్కఱలేదు. అది దీని తోబుట్టువే.

ఈ సాధనము చాల పాతది. అయిదవ శతాబ్ది ఆరంభమున సినేసియస్ అను పండితుడు, అలెగ్జాండ్రియా నగరమున గణితము బోధించుచుండిన హైపేషియా అను విదుషీమణికి వ్రాసిన లేఖలో, ఇట్టి సాధనమును తనకు చేయించి పంపుమని కోరియున్నాడు. 1768లో ఫ్రాన్సు దేశమున ఆంట్వాన్ బోమే దీనికొక కొలమానము ఏర్పఱచెను. 1784లో ఇంగ్లండులో జాన్ రిచర్డుసన్ బీరు కాచువారి ఉపయోగమునకు దీనిని గుఱించి ఒక గ్రంథము ప్రకటించెను. 1843లో కార్ల్ బాలింగ్ అను శాస్త్రజ్ఞుడు చక్కెర పాకముల సాంద్రతలను పట్టికలుగా కూర్చెను. ఆ పట్టికలను అడాల్ఫ్ బ్రిక్సు మఱింత సరిదిద్దెను. చెఱకు పరిశ్రమలో నేటికిని నిలిచినది ఆయన పేరే.

నూఱు గ్రాముల పాకములో ఎన్ని గ్రాముల చక్కెర కరిగియున్నదో అన్ని డిగ్రీల బ్రిక్సు. అనగా 15 గ్రాముల చక్కెరను 85 గ్రాముల నీటిలో కరిగించినచో అది 15 డిగ్రీల పాకము. దీనినే విశిష్ట గురుత్వములో చెప్పవలెనన్నచో, నీటిని 1 అనుకొనినప్పుడు 10 డిగ్రీల పాకము సుమారు 1.040, 15 డిగ్రీలది 1.061, 20 డిగ్రీలది 1.083 ఉండును.

పాశ్చాత్య దేశములలో బీరు ఇంట కాచుకొనువారు ఇదే పరీక్షను చేయుదురు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలిపి, సుమారు 65 డిగ్రీల వేడినీటిలో నానబెట్టినచో గింజలోని పిండి తీపిగా మాఱును. ఆ తీపినీరు పులియుటకు ముందు తీసిన కొలతను వారు మొదటి గురుత్వమందురు. అది అనుకొనిన దానికంటె తక్కువ వచ్చినచో వారికిని మన బావమఱదుల కలవరమే కలుగును. గింజ సరిగా నలుగలేదా, నీరు ఎక్కువైనదా, అడుగున చిక్కని పాకము, పైన పలుచని నీరు విడిగా నిలిచినవా, వేడిమీద కొలిచితిమా అని వారు ఒక్కొక్కటిగా వెదకుదురు. మద్యము కాచుట మా ప్రసంగ విషయము కాదు. మన రాష్ట్రమున అనుమతి లేక కాచుట నేరము కూడ. కాని వారి వెదకులాట క్రమము మనకు పనికివచ్చును. గింజకు బదులు గడ, తీపినీటికి బదులు చెఱకు రసము. తక్కిన తర్కమంతయు ఒక్కటే.

ఆ క్రమములోని మొదటి సూత్రమిది: తోటను తప్పు పట్టుటకు ముందు తొట్టెను చూడుము, తొట్టెను తప్పు పట్టుటకు ముందు చేతిలోని సాధనమును చూడుము. తోటను సరిదిద్దుటకు సంవత్సరము పట్టును. సాధనమును పరీక్షించుటకు అఱగంట చాలును.

సాధనమును ఎట్లు పరీక్షింపవలెను? కాడ లోపలి కాగితపు కొలబద్ద కొంచెము జాఱినచో ప్రతి కొలతయు అంతే మేరకు తప్పుగా వచ్చును. శుద్ధజలములో వదలినచో సున్న చూపవలెను. దివిసీమవారు ఇక్కడ ఒక జాగ్రత్త తీసికొనవలెను. కోడూరు, నాగాయలంక ప్రాంతములలో అనేకములైన బావులలో నీరు ఉప్పన. ఆ నీటిలో మంచి హైడ్రోమీటరు కూడ సున్నకు పైనే చూపును. అందుచేత బ్యాటరీలలో పోయు స్వేదనజలమునో, పట్టియుంచిన వాననీటినో వాడవలెను. రెండవ పరీక్ష పైన చెప్పిన పాకము: 15 గ్రాముల పంచదార, 85 గ్రాముల నీరు. త్రాసు సరియైనదైనచో ఈ పాకము అబద్ధమాడదు. ఆ నాడు గానుగ దగ్గఱ మేము చేయించిన మొదటి పని ఇదియే. సాధనము 15 చూపవలసిన చోట, వేడికి తగిన సవరణ చేసిన పిమ్మట, 15 చూపినది. సాధనము నిర్దోషి.

వేడికి తగిన సవరణ అంటిమి గదా. ఎక్కువమంది పొరపడునది ఇక్కడనే. ద్రవము వేడెక్కిన కొలది వ్యాకోచించి తేలికయగును. తేలికయైన రసములో కాడ క్రిందికి దిగి, ఉన్నదానికంటె తక్కువ చూపును. ప్రతి హైడ్రోమీటరును ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గఱ సరిచూచి చేయుదురు. ఆ అంకె కాడ మీదనే అచ్చువేసియుండును. కొన్నిటి మీద 20 డిగ్రీల సెల్సియస్ అని, మన దేశమున వాడు వానిలో చాలవాని మీద 27.5 అని ఉండును. 20 డిగ్రీలకు చేసిన సాధనమును 30 డిగ్రీల రసములో ముంచినచో కొలత సుమారు 0.6 నుండి 0.7 వఱకు తక్కువ వచ్చును. దానిని కలుపుకొనవలెను. పెనము దగ్గఱ 60 డిగ్రీలకు కాగిన రసములో ముంచినచో మూడు డిగ్రీలకు పైగా తక్కువ చూపును. అంత వేడిలో సవరణ లెక్కలను నమ్ముకొనుట కంటె రసమును చల్లార్చి కొలుచుట మేలు. మచిలీపట్నపు పుష్యమాసములో తెల్లవాఱుజామున గాలి సుమారు 20 డిగ్రీలకు దిగుట కలదు. అదే దినమున మధ్యాహ్నము రేకు పందిరి క్రింద తొట్టె 30 దాటవచ్చును. ఉదయము కొలిచిన పొరుగు తోటను, మధ్యాహ్నము కొలిచిన మన తోటను సవరణ లేక పోల్చుట న్యాయము కాదు.

ఆ నాడు రసము 33 డిగ్రీల వేడితో ఉన్నది. సాధనము 20 డిగ్రీలకు చేసినది. సవరణ సుమారు 0.9. కాబట్టి 13 కాదు, 13.9. తోట యజమాని ముఖము కొంచెము తేటపడినది. ఇంకను అయిదు డిగ్రీల లోటు మిగిలియున్నది.

చూచువాని పొరపాట్లు కూడ చిన్నవి కావు. పాత్ర నిట్టనిలువుగా ఉండవలెను. సాధనము ప్రక్క గోడకు అంటరాదు. కాడకు నూనె చేతుల జిడ్డు ఉండరాదు. కంటిని రసపు మట్టమునకు సమముగా ఉంచి చూడవలెను. పై నుండి వంగి చూచినవానికి ఒక గీత, మోకరిల్లి చూచినవానికి వేఱొక గీత కనబడును. కాడ చుట్టును రసము కొంచెము పైకి ప్రాకును. ఆ ప్రాకుడును విడిచి సమమట్టమునే లెక్కపెట్టవలెను.

ఇక నురుగు. అప్పుడే గానుగ నుండి జాలువాఱిన రసములో వేలకొలది గాలి బుడగలుండును. బుడగలతో నిండిన రసము తేలికగా ఉండును గనుక కొలత తక్కువ వచ్చును. దీనికి విపర్యయముగా, బుడగలు సాధనమునకు అంటుకొనినచో అవి దానిని పైకెత్తి ఎక్కువ చూపించును. రెండును మోసములే. పలుచని గుడ్డలో వడకట్టి, పాత్ర నిండ పోసి, పావుగంటయో ఇరువది నిమిషములో కదలక ఉంచి, పైకి వచ్చిన నురుగును తొలగించి, అప్పుడు సాధనమును వదలవలెను. మన్నును పిప్పి పొడియును అడుగున దిగును.

కాని ఇరువది నిమిషములు గంటలు కారాదు. రసము నిలువయున్న కొలది పులియును. తీపి సారాయముగను బొగ్గుపులుసు గాలిగను విడిపోవును, గాలి ఎగిరిపోవును, మిగిలిన సారాయము నీటికంటె తేలిక. అందుచేత పులిసిన రసములో కొలత రెండు విధముల పడిపోవును. దీనిని మన తాటిచెట్టు దగ్గఱ స్పష్టముగా చూడవచ్చును. సున్నము పూసిన ముంతలో పట్టిన నీరా ఉదయమున తియ్యగా ఉండును. సున్నము లేని ముంతలోనిది ప్రొద్దెక్కునప్పటికే కల్లగును. రెండును ఒకే చెట్టువే కావచ్చును. హైడ్రోమీటరు రెంటికి రెండు అంకెలు చెప్పును. చెఱకు రసము అంత త్వరగా మాఱకపోయినను, కడుగని తొట్టెలో మధ్యాహ్నపు వేడిమిలో మూడు నాలుగు గంటలు నిలిచినచో పులుపు పట్టుట మొదలగును. మొదటి కొలత మొదటనే తీయవలెననుటకు కారణమిదియే.

ఇప్పుడు తొట్టెకు వత్తము. ఆ నాడు రసమును తొట్టె పై భాగము నుండి చెంబుతో ముంచి తెచ్చిరి. అంతకు కొంచెము ముందు గానుగ రోళ్లను కడిగి, ఆ కడుగునీటిని తొట్టెలోనే వదలిరి. రోళ్లకు అంటిన తీపిని వ్యర్థము చేయరాదని వారి ఉద్దేశము. అది మంచి ఉద్దేశమే. కాని నీరు తేలిక, రసము బరువు. కలియబెట్టనిచో నీరు పైననే పఱచుకొని నిలుచును. పై చెంబు తొట్టెకు ప్రతినిధి కాదు. అది ఆ కడుగునీటికే ప్రతినిధి. గెడతో తొట్టెను అడుగంట కలియబెట్టించి, మరల ముంచి, వడకట్టి చూడగా 15.1 వచ్చినది. ఇరువది నిమిషములు నిలిపి నురుగు తీసి చూడగా 15.6. అప్పటికి రసము 32 డిగ్రీలకు చల్లబడినది గనుక సవరణ సుమారు 0.8 కలిపినచో 16.4. చెఱకునకు గాని, గానుగకు గాని, ఎవరి నిజాయితీకి గాని సంబంధము లేకయే మూడున్నర డిగ్రీలు దొరకినవి.

ఇక కడుగునీటి లెక్క. తొట్టెలో మొత్తము 300 కిలోల ద్రవమున్నది. అందులో ఒక బిందెడు, అనగా సుమారు 15 కిలోల నీరు కలిసినదని గానుగ యజమానియే ఒప్పుకొనెను. నీరు కలిపినంతమాత్రమున తీపి ఎక్కడికిని పోదు, విస్తరించును, అంతే. 300 కిలోలలో నూటికి 16.4 వంతున 49.2 కిలోల కరిగిన పదార్థమున్నది. అది నీరు కలియకముందు 285 కిలోల రసములో నుండెను. 49.2ను 285తో భాగించినచో నూటికి 17.3 వచ్చును. ఇదియే ఆ తోట రసపు అసలు చిక్కదనము. నీళ్లు కలిసినవన్న తోట యజమాని మాట నిజమే; మోసము జరిగినదన్న అనుమానము మాత్రము నిజము కాదు.

ఈ లెక్కను ప్రతి గానుగ దగ్గఱను బొగ్గుతో గోడ మీద వ్రాసియుంచదగును. 100 కిలోల రసము 18 డిగ్రీలున్నదనుకొందము. అందు 20 కిలోల నీరు పోసినచో అది 15 డిగ్రీలగును. బెల్లమేమియు తగ్గదు. కాని ఆ 20 కిలోల నీటిని మరల ఆవిరిగా పంపవలెను. 30 డిగ్రీల నీటిని ఒక కిలోను మరగించి ఆవిరి చేయుటకు సుమారు 610 కిలోకెలొరీల వేడి కావలెను. ఇరువది కిలోలకు 12,200. వేడి ఏమియు వ్యర్థము కాకున్నను దీనికి సుమారు మూడు కిలోల ఎండు పిప్పి కావలెను. మన పొయ్యిలలో వేడి చాలవఱకు పొగతో పోవును గనుక నిజముగా కాలునది దానికి కొన్ని రెట్లు. అంతకంటె పెద్ద నష్టము కాలము. ఎక్కువసేపు కాగిన పాకము నల్లబడును. తీపిలో కొంత విఱిగి గ్లూకోసు, ఫ్రక్టోసులుగా మాఱును. అచ్చు గట్టిపడక చెమ్మగిలును. నల్లని బెల్లమునకు బజారులో ధర తక్కువ. ఒక బిందె నీటి వెనుక ఇంత కథ కలదు. రోళ్లు కడుగుట తప్పు కాదు. తక్కువ నీటితో కడిగి, ఆ నీటిని విడిగా పట్టి, దాని లెక్క వ్రాసికొనవలెను.

గానుగను గుఱించి ఒక మాట. రోళ్లు వదులుగా ఉన్నచో రసము తక్కువగా దిగును గాని దిగినది పలుచనైపోదు. చెఱకును మొదట నొక్కినప్పుడు వచ్చు రసమే చిక్కన. కాబట్టి పిప్పి తడిగా ఉండి, రసపు బరువు తగ్గి, బ్రిక్సు మాత్రము బాగున్నచో రోళ్లను బిగింపవలెను. బ్రిక్సు తగ్గియున్నచో రోళ్లను నిందించి ప్రయోజనము లేదు. ఈ రెండు లోపములను కలగాపులగము చేయుట తఱచుగా జరుగుచున్నది.

ఇంతవఱకు వచ్చిన పిమ్మటనే తోట వంతు. పొరుగు తోటకు 19, ఈ తోటకు 17.3, పొరుగు కొలత ఉదయపు చల్లనివేళ తీసినదని గానుగ యజమాని చెప్పెను గనుక దానికి సవరణ స్వల్పమే. మిగిలిన సుమారు రెండు డిగ్రీల లోటు మాత్రము నిజమైన లోటు. దీని కారణము చెఱకు గడలోనే ఉండవలెను.

గడలో తీపి మొదటి నుండి చివరకు ఎక్కును. మోదటి కణుపులు ముందు పండును. కొస కణుపులు చివర పండును. అందుచేత చేతి రిఫ్రాక్టోమీటరుతో మోదటి రసపు చుక్కను, నడిమి చుక్కను, కొస చుక్కను విడివిడిగా చూడవలెను. కొస అంకె మోదటి అంకెకు ఇంచుమించు సమానమైనచో తోట పండినట్లు. కొస బాగా వెనుకబడియున్నచో ఇంకను కొన్నాళ్లు ఆగవలెను. ఒక గడను చూచి తీర్పు చెప్పరాదు. తోటలో నాలుగు మూలలను, నడుమను ఏరిన గడలను చూడవలెను. గట్టు మీది గడలు ఎండను ఎక్కువగా పొందును గనుక అవి మాత్రమే చూచినవాడు ఆశపడి మోసపోవును.

పండకపోవుటకు మన డెల్టాలో కారణములు తెలిసినవే. 1855 నాటికి బెజవాడ దగ్గఱ ఆనకట్ట పూర్తియైన తరువాతను, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను ఈ ప్రాంతమునకు కాలువ నీరు వరప్రసాదమైనది. కాని వరి నీటిలో నిలిచి బ్రతుకును. చెఱకు అట్లు బ్రతుకలేదు. వేళ్ల దగ్గఱ నీరు నిలిచినచో వేళ్లకు గాలి ఆడక గడ చిక్కిపోవును, తీపి చేరదు. నరుకుటకు ముందు వారములలో నీరు తగ్గించి పొలమును ఆఱబెట్టినచో గడ పెరుగుట మాని తీపిని కూర్చుకొనును. అప్పుడు కూడ తడి పెట్టుచున్నచో రసము పలుచనగును. యూరియాను ఆలస్యముగా వేసినచో గడ పచ్చగా, కన్నులపండువుగా పెరుగుచునే యుండును. పెరుగుచున్న గడ తీపిని ఖర్చు చేయును గాని నిలువ చేయదు. మార్గశిర పుష్యముల చలియు, పొడిగాలియు, పగటి ఎండయు చెఱకును పండించును. ఆ దినములలో మబ్బు పట్టియున్నచో పంట వెనుకబడును.

పడిపోయిన తోట సంగతి వేఱు. కార్తీకపు తుపానులకు గడ నేలవాలినచో ఆకులు ఒకదానినొకటి కప్పుకొని ఎండ తగులదు. కణుపుల దగ్గఱ క్రొత్త మొలకలు పుట్టి నిలువయున్న తీపిని తినివేయును. పడిన గడల నడుమ లేత నీటిపిలకలు లేచును. వానిని కూడ కలిపి ఆడించినచో రసము పలుచబడును. మా బావమఱదుల తోటలో జరిగినది ఇదియే. ఆ సంవత్సరపు వానలకు తోటలో మూడవ వంతు నేలవాలినది. మట్టి ఎగదోయుట, జడ చుట్టుట సకాలమున జరుగలేదు. నిలిచిన గడలలో రిఫ్రాక్టోమీటరు 19 చూపినది, పడిన గడలలో 15, 16, నీటిపిలకలలో 11. అన్నిటిని కలిపి ఆడిరి గనుక సగటు 17 దరికి దిగినది. లెక్క సరిపోయినది. చేపల చెఱువు త్రవ్వవలసిన అవసరము లేదు. మఱుసటి దినమున పిలకలను ఏరివేసి, పడిన గడలను విడిగా ఆడించిరి.

నరుకుటలో కూడ తీపి పోవును. గడను నేలమట్టమునకు నరుకక జానెడు మోడు విడిచినచో, అన్నిటికంటె తియ్యని కణుపులు పొలములోనే మిగులును. పైన కొసను తక్కువగా నరికినచో చప్పని కణుపులు గానుగలోనికి వచ్చును. క్రింద పోయినది తీపి, పైన కలిసినది నీరు. ఈ ఒక్క పొరపాటును సరిదిద్దుటకు రూపాయి ఖర్చు లేదు. కొడవలి పట్టినవారికి చూపి చెప్పినచో చాలును.

రకము మాట కూడ మఱవరాదు. అనకాపల్లిలో 1913 నుండి చెఱకు పరిశోధన జరుగుచున్నది. ఉయ్యూరు పరిశోధన కేంద్రము నుండి వచ్చిన రకముల పేళ్లలో "వి" అను అక్షరము ఉయ్యూరునకు గుఱుతు. 83 వి 15 అట్టిది. కొన్ని రకములు ముందు పండును, కొన్ని ఆలస్యముగా పండును. ఆలస్యపు రకమును తొందరపడి నరికి, ముందు పండు రకముతో పోల్చి దుఃఖించుట తగదు. మొక్కతోటకంటె కార్శి తోట సాధారణముగా ముందు పండునన్న సంగతి కూడ పోల్చునప్పుడు జ్ఞాపకముంచుకొనవలెను.

చివరగా, కొలత తక్కువైనప్పుడు భయపడువారు, ఎక్కువైనప్పుడు మురిసిపోవువారు కూడ వినవలసిన మాట ఒకటి కలదు. హైడ్రోమీటరు నాలుక కాదు. అది తీపిని ఎఱుగదు. కరిగిన పదార్థపు బరువునే ఎఱుగును. అందు చక్కెర ఎంత, ఉప్పు ఎంత, విఱిగిన తీపి ఎంత అని విడదీయదు. దివిసీమ దక్షిణ భాగమున, సముద్రమునకు దగ్గఱ భూములలో, చెఱకు నేలలోని లవణములను పీల్చుకొనును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రపు నీరు దివిసీమ పొలముల మీదికి వచ్చిన సంగతి ఇక్కడివారు ఎవరును మఱవలేరు. ఉప్పు నేలలో పెరిగిన గడ రసము బ్రిక్సులో బాగుగనే కనబడవచ్చును. బెల్లము మాత్రము ఉప్పగా, మెత్తగా, వానకాలమున కాఱిపోవునదిగా తయారగును. అట్లే నరికి నాలుగైదు దినములు ఎండలో పడవేసిన గడలో నీరు ఆవిరియగుట వలన బ్రిక్సు పెరుగును. లోపల చక్కెర విఱిగి తఱిగిపోవుచుండును. అంకె పెరిగినది, బెల్లము తఱిగినది! కావుననే చక్కెర కర్మాగారములలో బ్రిక్సుతో తృప్తిపడక, పోలారిమీటరు అను సాధనముతో చక్కెరను విడిగా కొలిచి, మొత్తము కరిగిన పదార్థములో చక్కెర వంతు ఎంతయో లెక్కకట్టుదురు. దానినే రసపు శుద్ధత అందురు. గానుగ దగ్గఱ మనకు పోలారిమీటరు లేకపోవచ్చును. నాలుక కలదు, మొదటి పెనపు బెల్లము కలదు. హైడ్రోమీటరుతోపాటు వానిని కూడ సాక్ష్యమడుగవలెను.

కావున ఈ మాఱు కొలత తక్కువ వచ్చినచో ఎవరిని ఏమనుటకు ముందు ఈ వరుసను పాటింపుడు. సాధనమును పంచదార పాకములో సరిచూడుడు. కాడ మీది ఉష్ణోగ్రతను చదివి, రసపు వేడిని కొలిచి, సవరణ వేయుడు. తొట్టెను కలియబెట్టి, వడకట్టి, నురుగు తీసి, కంటిని సమముగా ఉంచి మరల చదువుడు. కలిసిన నీటిని లెక్కలో నుండి తీసివేయుడు. అటుపిమ్మట మిగిలిన లోటును మాత్రమే తోటలో వెదకుడు. ప్రతి దినపు కొలతను, వేడిని, ఏ మడి చెఱకో ఆ పేరును ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. రెండు మూడు సంవత్సరములు గడచినచో ఆ పుస్తకము ఊరిలో అందఱికంటె తెలివైన సలహాదారగును.

ఆ సాయంకాలము మేము బయలుదేరునప్పటికి మొదటి పెనము దిగినది. గానుగ యజమాని వేడి బెల్లమును అరటి ఆకు ముక్కలో పెట్టి ముందుగా తన బావకు అందించెను. ఆయన నోట వేసికొని, ఏమియు అనక, రెండవ ముక్క కొఱకు చేయి చాచెను.